ముప్పై రెండో పాట

పేరమ్మ గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఎవరూ లేరు. ఆమె మీద నా దగ్గర అరవై నాలుగు పేజీల ప్రాజెక్టు ఉంది, ఆమె పాడిన ముప్పై ఒక్క పాటల రికార్డింగులున్నాయి. ఆమె మీద కుళ్ళు కూడా ఉంది. అది ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్ళకూ సుఖం.

పేరమ్మది మా ఊరే, సంగం పక్కన. అరవై దాటాయి, ఎంత దాటాయో ఆమెకే తెలియదు. పదిహేనో ఏట పోలేరయ్యను చేసుకుని ఈ ఊరొచ్చింది. పోలేరయ్య కంకర మిల్లులో పనిచేసి చేసి నలభై ఏళ్ళకే చెవులు పోగొట్టుకున్నాడు. ఒక్కతే కూతురు, దొరవారిసత్రంలో ఇచ్చారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి పేరమ్మ మేస్త్రి. మా నాన్న హరినాథ్ చేసే ఏడెకరాల్లో ముందు నాటు వేస్తారు. అది కాగానే చిన్న ట్రాలీ బండెక్కి ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు వరి కయ్యలకు పోతారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారు. కళ్ళకు నాటిన చోటు కనబడుతుంది, వెనక ఏముందో కాళ్ళే తెలుసుకోవాలి. ఆ వరసలో నడుమ నిలబడి పేరమ్మ పాట ఎత్తుతుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. పాట నడుస్తున్నంతసేపూ చేతులు ఒక్క లెక్కన పడతాయి. పాట మధ్యలో తిట్లు కూడా నడుస్తాయి. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా నారును లోతుగా గుచ్చితే "అది నారుమే, పందిరి గుంజ గాదు" అని తిట్టి, ఆ తిట్టిన ఊపిరితోనే తర్వాతి చరణం ఎత్తుతుంది. ఇంట్లో మాత్రం పాడదు. నా చిన్నప్పుడు ఒకసారి వాళ్ళింటికి పోయి పాడమని అడిగాను. "ఇంట్లో ఎవురుండారు అమ్మణ్ణీ, ఆయనకి చెవుడు" అంది. తమాషాకి అందనుకున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట ఎమ్మే జర్నలిజం చేస్తూ, ప్రాజెక్టుకు ఆమె పాటలే తీసుకున్నాను. వారం రోజులు సాయంత్రం పూట ఆమెను మా వసారాలో కూర్చోబెట్టాను. కుర్చీ వేస్తే వద్దని నేల మీదే కూర్చుంది. ఫ్యాను ఆపించాను. మా అమ్మ ప్రమీలమ్మ చేత మిక్సీ ఆపించాను. నాన్న దగ్గుతుంటే గేటు బయటికి పంపించాను. రికార్డింగులో ఒక్క గొంతే ఉండాలి, శుభ్రంగా ఉండాలి అని మా సారు చెప్పి ఉన్నారు. ఆఖరి రోజు "ఇంకేమన్నా ఉన్నాయా అత్తా?" అని అడిగితే "అంతే అమ్మణ్ణీ" అంది. పేరమ్మ పాటలు ముప్పై ఒకటి అని అట్ట మీద అచ్చు వేయించాను. ఆ పుస్తకం ఇప్పుడు మా వంటింట్లో బల్ల కాలు కింద ఉంది, ఆ కాలు కొంచెం పొట్టి.

ఇక ముబీన్ సంగతి. పదో తరగతిలో నా వెనక బెంచీ, సోషల్ పరీక్ష నా పేపర్లో చూసి రాసి గట్టెక్కాడు. సంగం సెంటర్లో ఫొటో స్టూడియో పెట్టుకుని పెళ్ళిళ్ళు, ఓణీ ఫంక్షన్లు తీస్తాడు. వాళ్ళమ్మ జాన్‌బీ గాజుల మలారం వీపున వేసుకుని కయ్యల గట్ల వెంబడి తిరిగి అమ్మేది. ఆమె పోయి రెండేళ్ళయింది. పోయినేడు నాట్లప్పుడు ఈ ముబీన్ పేరమ్మ ముఠాతో పాటు ట్రాలీ ఎక్కి ముత్తుకూరు పోయి, మూడు నిమిషాల నలభై సెకన్ల పాట వీడియో ఒకటి తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. తొంభై నాలుగు లక్షల మంది చూశారు.

మా కాలేజీ పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ కూడా నేను ఆ అంకె చూసుకునేదాన్ని. నిన్నటికీ ఇవాళ్టికీ పన్నెండు వేలు పెరిగిందని తెలిస్తే ఆ రోజు అన్నం సయించేది కాదు. కువైట్‌లో ఎవరో డ్రైవరు, బండి పక్కకు ఆపి ఏడ్చానని కింద రాశాడు. మా నాన్న ఆ పాటను ఫోను రింగుగా పెట్టుకున్నాడు. నా ప్రాజెక్టులో ఒక్క పేజీ తిప్పని మనిషి.

ఆ పాట ఇట్లా మొదలవుతుంది. "ఎవురమ్మ ఎవురమ్మ ఏరు దాటేది?" అని పేరమ్మ ఎత్తుతుంది. "నేనమ్మ నేనమ్మ, నీ యెనకదాన్ని" అని ముఠా అందుకుంటుంది. "ఏమమ్మ ఏమమ్మ ఎత్తుకొచ్చేది?" అంటే "నారమ్మ నారమ్మ, నడుమొంగినాది" అంటారు. ఏరు దాటే ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకోకుండానే మాట్లాడుకుంటూ పోతారు.

నా ముప్పై ఒక్కటిలో ఈ పాట లేదు.

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. మీడియా పాఠాలు చెబుతాను. ప్రతి కథకూ ఐదు మెట్లుంటాయని మా శాస్త్రం. మొదట అంతా కుదురుగా ఉంటుంది, తర్వాత ఏదో చెదురుతుంది, చెదిరిందని ఎవరో గుర్తిస్తారు, సరిచేయబోతారు, ఆఖరికి మళ్ళీ కుదురుకుంటుంది, కాకపోతే ఆ కుదురు మొదటిది కాదు. పాటల వీడియోల్లో ఇంకోటి కూడా చూడాలి. బొమ్మ పాట మాటనే చూపిస్తోందా, ఆ మాటకు ఇంకేదన్నా కలుపుతోందా, లేక మాట ఒక దారి బొమ్మ ఒక దారి పోతున్నాయా? గాయని ముఖం ఎన్నిసార్లు దగ్గరగా చూపించారు, ఎవరి కళ్ళతో చూపించారు? పాత్రలకు ఒక పట్టిక ఉంటుంది. నాయిక, ఆమెను పంపినవాళ్ళు, సాయపడినవాళ్ళు, అడ్డుపడిన ప్రతినాయకుడు, ఇట్లా. పిల్లలకు సినిమా పాటలు వేసి ఈ పట్టిక నింపిస్తాను. వాళ్ళకు సరదాగానే ఉంటుంది.

ఈ ఆయుధాలన్నీ తీసుకుని ముబీన్ వీడియో మీద పడ్డాను. పదిహేడు పేజీల వ్యాసం రాశాను. మాట "ఏరు" అంటుంటే బొమ్మలో ఏరు లేదు, కయ్య ఉంది, కాబట్టి పొందిక లేదన్నాను. పేరమ్మ ముఖం దగ్గరగా రెండేసార్లు చూపించాడు, మిగతా అంతా వీపులే, కాబట్టి గాయనిని చిన్నబుచ్చాడన్నాను. మొదటి మెట్టులో కుదురు లేదు, వస్తూనే నడుములు వంగి ఉన్నాయన్నాను. పట్టికలో ప్రతినాయకుడి గడి ఖాళీగా వదిలి, ఆ పాత్ర లేనందున కథనం బలహీనం అని రాశాను. ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర తెర వెనక నుంచి ఒక మగగొంతు శ్రుతి లేకుండా చొరబడుతుందని, దాన్ని శుభ్రం చేసుకోవడం కూడా తెలియని పనితనమని ఎర్ర సిరాతో గీత గీశాను. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నా కామెర్లకు మాత్రం అడుగున రిఫరెన్సులు కూడా ఉన్నాయి.

మెచ్చుకున్నది ఒక్కటే. నాటేవాళ్ళ వెనక ఆకాశంలో కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడతాయి. వరికీ పొగకూ మధ్య, వంగిన నడుముకూ నిలబడిన గొట్టానికీ మధ్య వైరం గురించి రెండు పేజీలు రాశాను. ఆ మాట ముబీన్ ఒప్పుకుంటే బాగుంటుందని వాడి స్టూడియోకి పోయి అడిగాను.

వాడు టీ తెప్పించాడు. "యాడికి తిప్పినా ఆ గొట్టాలు కనబడతానే ఉండాయి మేడమ్. పక్కకి జరపడానికి అవి మా నాయన ఎత్తించినయ్యా?" అన్నాడు.

"ఈ పాట నీకెక్కడిది?"

"పేరమ్మ పెద్దమ్మనే అడుగు" అని నవ్వి, ఎవరివో పెళ్ళి ఫొటోలు కత్తిరించుకోవడంలో పడ్డాడు. మేడమ్ అనే మాటను వాడు పలికే తీరు నాకెప్పుడూ నచ్చదు.

అదే నెలలో మా ప్రిన్సిపాల్ హెన్రీ గారు పిలిచారు. డిసెంబరులో సెమినారు, జానపదం మీద. ఆయన కూడా ఆ తొంభై నాలుగు లక్షల్లో ఒకరు. పేరమ్మకు శాలువా కప్పాలనుకుంటున్నారు. శాలువాతో ఆగలేదు. పిల్లలకు పాటలు నేర్పడానికి ఆమెను వారానికి మూడు రోజులు కాలేజీలో పెట్టుకుంటారట, మా స్టాఫ్ రూములోనే కుర్చీ వేస్తారట.

పేరమ్మ మోకాళ్ళు అరిగిపోయాయని నాకు తెలుసు. ఇక వంగొద్దని డాక్టరు చెప్పి ఏడాదయింది. అయినా మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని కయ్యలోకి దిగుతూనే ఉంది. ఈ పని దొరికితే ఆమె బురదలోంచి బయటపడుతుంది. ఇవన్నీ తెలిసి కూడా నా కడుపు మండింది. నేను పీజీ చేసి, నెట్ పాసై, ఏటా జూన్‌లో ఉంచుతారో తీసేస్తారో అని గుండె చేత్తో పట్టుకుని తిరుగుతాను. కిటికీ పక్క కుర్చీ కోసం ఐదేళ్ళుగా చూస్తున్నాను. ఆమె మూడు నిమిషాల నలభై సెకన్లతో వచ్చి కూర్చుంటుందా?

"వినీలా, నువ్వు ఆమె పాటలన్నీ సేకరించావు కదా. ఇది నిజంగా ఆమె పాటేనా, ఈ కాలంలో ఎవరైనా కట్టిందా? ఒక్క పేజీ రాసివ్వమ్మా. నీ మాట మీద నిర్ణయిద్దాం" అన్నారు హెన్రీ గారు.

ఆ సాయంత్రమే టైపు చేశాను. ఈ పాట నా సేకరణలో లేదు, పేరమ్మ తనకు తెలిసినవి ముప్పై ఒకటేనని స్వయంగా చెప్పింది, కాబట్టి ఇది వీడియో కోసం కల్పించినది. మూడు వాక్యాలు. సంతకం కూడా పెట్టాను. అయినా ఒకసారి ఆమె నోటితోనే ఆ మాట అనిపించుకుంటే నాకు నిద్ర పడుతుందని, ఆదివారం బస్సెక్కి ముత్తుకూరు పోయాను.

ముఠా అన్నాలకు గట్టెక్కి ఉంది. పేరమ్మ కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు కట్టిన గుడ్డ విప్పి పిండుతోంది. నన్ను చూసి పక్కన జాగా చేసింది. ఆమె టిఫిను మూతలో కాస్త పులుసన్నం పెట్టి ఇచ్చింది, వద్దంటే వినలేదు. తింటూనే అడిగాను.

"అత్తా, నిజం చెప్పు. ఆ పాట నీకు ముబీన్ నేర్పినాడా?"

"వాడా?" ఆమె నవ్వింది. "వాడు వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచీ వింటా ఉండాడు. మా అత్త పాడేది ఈ పాట. ఆమెకి వాళ్ళ అత్త చెప్పినాదంట."

"మరి నాకెందుకు పాడలేదు? వారం రోజులు అడిగితి కదా. అంతే అమ్మణ్ణీ అంటివి."

ఆమె గుడ్డ దులిపి ఆరేసింది. కోపమేమీ లేదు, బియ్యంలో రాయి ఏరేటప్పటి ముఖం. "నువ్వు నన్నొక్కదాన్నే పాడమంటివి. అది ఒక్కరు పాడే పాట గాదు. నేను అడగాల, ఇంకొకరు చెప్పాల. చెప్పేవాళ్ళు లేకుంటే నేనెవుర్ని అడిగేది?"

"అయితే ఆ మాట చెప్పొచ్చు కదా?"

"ఎత్తినా అమ్మణ్ణీ. రెండో దినమో మూడో దినమో. ఆ పొద్దు జాన్‌బీ నాకు తోడొచ్చి మీ మెట్ల మీద కూచోనుండాది. ఈ పాటకి గట్టు మీద నుంచి ముందు అందుకునేది జాన్‌బీనే, ఆమె అందుకున్నాకే మిగతావాళ్ళు. నేను ఎత్తి ఆగినా. జాన్‌బీ నోరు తెరిచినాది. నువ్వు నోటి మీద ఏలు పెట్టుకుని ఆమెని ఉష్ అంటివి." పేరమ్మ తన పెదాల మీద వేలు పెట్టి చూపించింది. "సరేలే, చదువుకునే పిల్ల, దాని పని దానిది అని ఇంకోటి పాడినా."

నాకు గుర్తు లేదు. ఒట్టేసి చెబుతున్నాను, గుర్తు లేదు.

"ముబీన్ తీసిన దినం ఏమైనాదంటే, నేను ఎత్తినా. జాన్‌బీ లేదు గదా, ఎవురు ముందు అందుకోవాల్నో తెలవక ముఠా అంతా నోరు మూసుకోనుండాది. అప్పుడు ఆ కెమెరా ఎనక నుంచి వాడు అందుకున్నాడు. గాడిద గొంతు. అయినా అందుకున్నాడు గదా, దాంతో పాటే అందురూ లేచినారు." ఆమె చెంబెత్తి నీళ్ళు తాగింది. "మొదట వచ్చిందంతా తీసేసి మళ్ళీ తీసినాడు గానీ, నడమన ఒక చరణంలో ఆ గొంతు అట్టే ఉంచినాడు. అమ్మ వరస అది, ఉండనీ పెద్దమ్మా అన్నాడు."

ఒక నిమిషం పన్నెండు సెకన్లు. ఎర్ర సిరా గీత.

ఇంటికొచ్చి పాత లాప్‌టాప్ తెరిచాను. పద్నాలుగో పాట తర్వాత "14-బి, అసంపూర్ణం, తొలగించాలి" అని ఒక ఫైలుంది. పదకొండు సెకన్లు. "ఎవురమ్మ ఎవురమ్మ ఏరు దాటేది" అని పేరమ్మ గొంతు, ఎనిమిదేళ్ళ కిందటి గట్టి గొంతు. తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత ఉష్ అని నా చప్పుడు. తర్వాత మా గోడ గడియారం. చివరన "వద్దులే, ఇంకోటి పాడతా" అని పేరమ్మ.

ముప్పై రెండో పాట అందరికంటే ముందు నా దగ్గరికే వచ్చింది. నేనే గేటు వేశాను.

తప్పు తనదేనని తెలిస్తే కుళ్ళు చల్లారుతుందని చాలామంది అనుకుంటారు. చల్లారదు, ఇంకా రగులుతుంది. ముబీన్‌కు ఆ వీడియో ఉంది, వాళ్ళమ్మ వరస ఉంది. నాకు ఉష్ ఉంది. హెన్రీ గారికిచ్చే కాగితం చించేశాను, అంతవరకు మనిషిననిపించుకున్నాను. కానీ పాట అసలైనదే అని రాయడానికి చెయ్యి రాలేదు. "నా సేకరణలో లేనందున నిర్ధారించలేను" అని కొత్తది రాసిచ్చాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

"అయితే వేదిక మీదే పాడించి చూద్దాం" అన్నారు హెన్రీ గారు. "యూనివర్సిటీ నుంచి ఇద్దరు జానపద పండితులొస్తున్నారు. వాళ్ళు విని తేలుస్తారు. తడబడితే శాలువా కప్పి పంపించేద్దాం, ఉద్యోగం సంగతి ఎత్తొద్దు."

సెమినారుకు రెండు రోజుల ముందు పేరమ్మ ఫోను చేసింది. "అమ్మణ్ణీ, ముఠాలో ఒకర్నో ఇద్దర్నో తోడు తెచ్చుకునేదా?"

నాకు పాట సంగతి తెలుసు, ఆమె ఎందుకు అడుగుతోందో తెలుసు. "పిలుపు ఒక్కరికే అత్తా, నువ్వొక్కదానివే రా" అన్నాను.

"సరే, నువ్వుంటావు గదా" అని పెట్టేసింది.

ఫోను కింద పెట్టాక వ్యాసం తీసి పట్టిక చూశాను. ప్రతినాయకుడి గడి ఇంకా ఖాళీగానే ఉంది. నింపడానికి ఇప్పుడు పేరు దొరికింది, కానీ ఎవరు సొంత పేరు రాసుకుంటారు?

సెమినారు రోజు పేరమ్మ ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని వేదికెక్కింది. కాళ్ళకు చెప్పులు లేవు, బయటే విడిచింది. నడుమ ఒకటే మైకు. నేను ముందు వరసలో, నా ఒళ్ళో పదిహేడు పేజీలు. పండితులిద్దరూ పక్కన నోటు పుస్తకాలు తెరిచి ఉన్నారు. హాలు వెనక ముబీన్ స్టాండు మీద కెమెరా పెట్టుకుని ఉన్నాడు, కాలేజీయే పిలిపించింది.

"ఎవురమ్మ ఎవురమ్మ ఏరు దాటేది?" అని పేరమ్మ ఎత్తింది. ఎత్తి ఆగింది.

హాలు నిశ్శబ్దం. మూడు వందల మంది పిల్లలు చేతుల్లో ఫోన్లు ఎత్తి పట్టుకుని తర్వాతి మాట కోసం చూస్తున్నారు. ఆమె కూడా చూస్తోంది. ఒక పండితుడు రెండో ఆయన చెవిలో ఏదో అన్నాడు, రెండో ఆయన రాసుకున్నాడు. హెన్రీ గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. వ్యాఖ్యాతగా ఉన్న అమ్మాయి గొంతు తగ్గించి "మర్చిపోయారా అమ్మా?" అని అడగడం మైకులో అందరికీ వినబడింది.

చెప్పకూడదు గానీ చెబుతున్నాను, ఆ నిశ్శబ్దం నాకు తియ్యగా ఉంది. తొంభై నాలుగు లక్షలూ ఆ నిశ్శబ్దంలో కరిగిపోతున్నాయి. ఇంకో నాలుగు క్షణాలు ఊరుకుంటే చాలు. నేను ఏమీ చేయక్కర్లేదు, పని అదే అవుతుంది.

పేరమ్మ మళ్ళీ ఎత్తింది, అదే వరస. ఈసారి గొంతు కొంచెం కిందికి దిగింది. ఎత్తి, సూటిగా నా వంక చూసింది. ఆ చూపులో వేడుకోలు లేదు. నాట్లలో పక్క మనిషి చెయ్యి ఆగితే ఎందుకాగిందా అని చూసే చూపు.

అప్పుడు హాలు వెనక నుంచి ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది. మూడు వందల మందిలో ఇంకెవరికీ వినబడి ఉండదు. నాకు వినబడింది, ఎందుకంటే ఒక నిమిషం పన్నెండో సెకనుకు ముందు, పదకొండో సెకనులో, ఆ ఊపిరి ఉంటుంది. కుళ్ళుతో వంద సార్లు విన్నదాన్ని. ముబీన్ నోరు తెరవబోతున్నాడు.

ఇది కూడా వాడికేనా అనిపించింది. ఈ వరస ముందు నా వసారాలోకి వచ్చింది. జాన్‌బీని ఉష్ అన్నది నేను. అందుకోవాల్సిన బాకీ ఏదైనా ఉంటే అది నాది, వాడిది కాదు. మంచితనం పొంగి లేచానని రాస్తే బాగుండేది. కానీ నన్ను లేపింది ఓర్వలేనితనమే. పదిహేడు పేజీలూ ఒళ్ళోంచి జారి కింద పడ్డాయి.

"నేనమ్మ నేనమ్మ, నీ యెనకదాన్ని."

పిల్లలకు పాఠం చెప్పే గొంతు అది, పాటకు పనికొచ్చేది కాదు. శ్రుతి ఎక్కడో ఉంది, నేనెక్కడో ఉన్నాను. ఆ మాటను అందరి ముందు నిలబడి ఆమెకు చెప్పాల్సి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా ఆ ముసలమ్మ నా వెనక నడవాలనే కదా నేను చూసింది.

పేరమ్మ నవ్వలేదు, మెచ్చుకోలేదు. తడి ఆరక ముందే నారు అందుకున్నట్టు రెండో వరస ఎత్తింది. "ఏమమ్మ ఏమమ్మ ఎత్తుకొచ్చేది?" ఈసారి నాతో పాటు ముబీన్ అందుకున్నాడు, వాడితో పాటు వెనక బెంచీ పిల్లలు, మూడో వరసకు హాలంతా. హెన్రీ గారు కూడా పెదాలు కదిలించారు. పండితుల్లో ఒకాయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

పేరమ్మ ఇప్పుడు మా స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. సోమ, బుధ, శుక్ర. మోకాళ్ళకు ఎండ తగులుతుందని ఆ కుర్చీ ఆమెకే ఇచ్చారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కళ్ళలో నిప్పులు పోసినట్టుంటుంది. నా రెన్యూవల్ సంగతి జూన్‌లో తేలుతుంది.

సెమినారు పాటను ముబీన్ యూట్యూబ్‌లో పెట్టాడు. పెట్టే ముందు నాకు పంపించి "మేడమ్, ఒకచోట తప్పు ఉండాది, తీసేసేదా?" అని అడిగాడు. చూశాను. ఇరవై ఆరో సెకను దగ్గర తెర వెనక నుంచి ఒక ఆడగొంతు శ్రుతి లేకుండా చొరబడుతుంది. అట్లాగే ఉండనిమ్మన్నాను.